మోచేతుల దాకా

“మీ చేతులు కల్చర్‌కి పంపాలండీ,” అంది పరిశోధన డాక్టరమ్మ, దూది చుట్టిన పుల్ల పట్టుకుని.

“నా చేతులకున్న కల్చర్ ఈ వార్డులో ఇంకెవరికీ లేదమ్మా,” అన్నాడు మేస్త్రీ. “కావాలంటే సిస్టర్ని అడగండి.”

ఐసీయూ తలుపు దగ్గరున్న నర్సు తలూపింది. ముప్పై ఏళ్లుగా ఇళ్లల్లో కుళాయిలు బిగించే మనిషి అతను. నీళ్లు పడితేనే శుభ్రం అని నమ్మేవాడు. భార్యను చూడ్డానికి లోపలికి వెళ్లే ప్రతిసారీ, తలుపు పక్కనున్న సింకు దగ్గర నిలబడి, మోచేతుల దాకా సబ్బు రుద్ది, వంద అంకెలు లెక్కపెట్టి మరీ కడిగేవాడు.

డాక్టరమ్మ అతని అరచేతులూ గోళ్ల సందులూ తుడిచి, పుల్లని గొట్టంలో పెట్టి మూత బిగించింది. ఐసీయూలో ఉన్నవాళ్ల రక్తంలోకి క్రిములు ఎటునుంచి వస్తున్నాయో కనిపెట్టడం ఆమె పని. మంచం కమ్మీలు, తలుపు పిడులు, సెలైన్ స్టాండ్లు, నర్సుల చేతులు, దేన్నీ వదల్లేదు. వార్డులో అందరూ ఆమెని పుల్లలమ్మ అంటారు.

“కల్చర్ అంటే, ఈ పుల్లకి అంటిన క్రిముల్ని పెంచి చూస్తాం. మూడు రోజులు పడుతుంది.”

“మా ఆవిడ మూడు రోజులు ఆగుతుందామ్మా?”

ఆమె గొట్టం మీద చీటీ అంటించింది.

పేగు ఆపరేషన్‌కి తీసుకొచ్చారు భార్యని. ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రోజుకి లేచి కూర్చుంది. మూడో రోజు మొగుణ్ణి ఆటపట్టించింది కూడా. ఆ సింకు కుళాయి ఇష్టమొచ్చినట్టు చిమ్మి అందరి బట్టలూ తడిపేది. చూసి ఊరుకోలేక మేస్త్రీ ఇంటికెళ్లి, తన స్నానాలగది కుళాయి మూతికున్న ఇత్తడి జాలీ విప్పి తెచ్చి బిగించాడు. ధార దారం వేలాడినట్టు పడింది. నర్సులు మెచ్చుకున్నారు.

“ఇంట్లోదాన్ని బోడి చేసి ఇక్కడిదానికి సోకులు చేశారా?” అంది భార్య.

“నువ్వు ఇంటికి రావే, దానికి బంగారంది పెడతా.”

ఆరో రోజు జ్వరం వచ్చింది. ఏడో రోజు బీపీ పడిపోయింది. సెప్సిస్ అన్నారు. క్రిముల మీద పోరాడబోయి ఒళ్లు తన మీద తనే తిరగబడుతుందట. మూడు మందులు మార్చారు. ఏదీ పట్టలేదు. ఇప్పుడు ఎనిమిదో రోజు.

మేస్త్రీకి ఒక్కరి మీదే అనుమానం. అప్పుడే మెట్లెక్కి వచ్చింది ఆ మనిషి. భార్య అక్క. కోళ్ల షెడ్డులో పనిచేస్తుంది. పని దిగీ దిగగానే వచ్చేస్తుంది. సింకు వంక చూడను కూడా చూడదు. గోడకున్న శానిటైజర్ సీసా రెండుసార్లు నొక్కి, ఆ మందు చేతులకి పట్టించుకుని లోపలికి నడుస్తుంది.

ఈసారి పుల్లలమ్మ ఆపి, ఆమె చేతులు కూడా తుడిచింది.

“వదినగారూ, ముందు నీళ్లతో కడుక్కోండి,” అన్నాడు మేస్త్రీ.

“ఇది చాలన్నారు మరిదిగారూ. ఆ సింకు దగ్గర మీ జలకాలాట అయ్యేసరికి చూసే టైమ్ కాస్తా అయిపోతోంది.”

“నాలుగు చుక్కలు పులుముకుంటే కోళ్ల పెంట పోతుందా?”

ఆమె ముఖం మాడిపోయింది.

“చంకనేసుకుని పెంచాను దాన్ని.”

“పెంచారు. ఇప్పుడు చంపకండి.”

లోపలికి వెళ్లే పాసు ఒక్కటే. అది అతని జేబులో ఉంది. మళ్లీ బయటికి తీసి ఆమెకివ్వలేదు. అప్పట్నుంచి ఆమె కింద మెట్ల మీద కూర్చునేది. వచ్చేపోయేవాళ్లు తొక్కకుండా కాళ్లు దగ్గరికి లాక్కుని.

“అక్క రాలేదా?” అని అడిగింది భార్య, ఆ సాయంత్రం.

“వస్తుందిలే.”

“కింద ఉందా?”

అతను మాట మార్చాడు. కడుక్కొచ్చిన తడి చేత్తోనే ఆమె నుదురు నిమిరాడు. ఎండిపోయిన పెదాలు తడిపాడు. మెడలో సూది గుచ్చినచోట కట్టు ఊడిపోతుంటే సరిచేసి ఒత్తాడు.

“చల్లగా ఉంది మీ చెయ్యి,” అంది.

ఆ తర్వాత ఊపిరి కోసం గొంతులో గొట్టం వేశారు. ఇంక మాట్లాడలేదు.

పదకొండో రోజు పొద్దున పెద్ద డాక్టరు బయటికొచ్చి మాస్కు కిందికి లాగాడు. “వెళ్లి చూసుకోండి,” అన్నాడు.

మేస్త్రీ సింకు దగ్గరికి నడిచాడు.

“ఇంక అక్కర్లేదు మేస్త్రీగారూ,” అంది నర్సు.

అయినా మోచేతుల దాకా రుద్దుకున్నాడు. అరవై దగ్గర లెక్క తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

పుల్లలమ్మ కాగితం పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. “ఆవిడ రక్తంలో ఉన్న క్రిమి దొరికిందండీ,” అంది మెల్లగా.

“మా వదిన చేతుల మీదేగా?”

“కాదండీ. మీ వదినగారి చేతులొక్కటే శుభ్రంగా ఉన్నాయి. మీ చేతుల మీదా, సిస్టర్ల చేతుల మీదా, ఈ సింకులో కడిగిన ప్రతి చేతి మీదా ఉంది.”

అతను కుళాయి కట్టలేదు. ధార సన్నగా, నిటారుగా పడుతూనే ఉంది.

ఆమె వంగి కుళాయి మూతిని వేలితో తడిమింది. “క్రిములు గూళ్లు కట్టుకుంటాయని పోయినేడే ఐసీయూ కుళాయిలన్నిటికీ జాలీలు పీకించేశాం, దీనికి మళ్లీ ఎవరు బిగించారో మీకేమైనా తెలుసా మేస్త్రీగారూ?”