తీసెయ్యాల్సిన ముక్క

జూలై పదకొండు. ఆ పొద్దున ఆమె తిన్నది ఒక అరటిపండు. అదీ సగమే. మిగతా సగం సంచిలో పెట్టుకుంది.

యూనివర్సిటీ ఇంజనీరింగ్ విభాగం. మూడో అంతస్తు చివర పరిశోధన బృందం వాళ్ళ ల్యాబు. దాని ముందు ఒక ఇరుకు గది, అందులో ఒక బెంచీ.

లోపల బృందంలో సీటుకి ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి.

అంతకుముందే రెండు బృందాలు ఆమెను వద్దన్నాయి. తెలివి లేక కాదు, నలుగురి ముందు నోరు పెగలక. ఈ ఏడాదికి ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే పెట్టె సర్దుకుని వెళ్ళి అన్నయ్య ఫ్యాన్ల కొట్లో కూర్చోవడమే.

కళ్ళు మూసుకుని వల్లె వేసుకుంటోంది. "మాట పోయినవాళ్ళకి యంత్రం గొంతు కాదు, మళ్ళీ వాళ్ళ గొంతే ఇవ్వాలన్నది నా..."

"భుజం దగ్గర కుట్టు ఊడింది తల్లీ."

పక్కన ఒక పెద్దాయన. మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకున్నాడు. గొంతు కాస్త బొంగురు.

"పర్లేదండీ."

"నీకు పర్లేదు. నేను దర్జీని. ఇది చూసి ఇంటికెళితే నాకు నిద్ర పట్టదు."

చొక్కా కాలరు మడతలోంచి సూది తీశాడు. దారం ఎక్కించే ఉంది. ఆమె సరేననేలోగా కుట్టడం మొదలుపెట్టాడు. చేతికి తగ్గట్టు నోరూ ఆగడం లేదు.

"మొన్నొక పెళ్ళికొడుకొచ్చాడు. కొలతలు తీస్తుంటే పొట్ట కనపడకుండా ఊపిరి బిగబట్టాడు. పెళ్ళినాడు వదిలాడు. బొత్తాం ఎగిరి ఫొటోగ్రాఫర్ ముక్కుకి తగిలింది!"

ఆమె నవ్వలేదు. యంత్రం గొంతు కాదు, మళ్ళీ వాళ్ళ... తర్వాతి మాట జారిపోయింది.

"నేను మాట్లాడితే మా ఆవిడకి తలనొప్పి. పోనీ ఊరుకున్నానా, జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకు చూస్తుంది. ఎలా చచ్చేది చెప్పు?"

"మీ అబ్బాయి లోపలున్నాడాండీ?"

"లేదమ్మా, పని నాకే. ఇక్కడ కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పుకోమన్నారు."

"ఎవరు?"

"లోపలి సారు."

వేళాకోళమనుకుంది.

తలుపు సందులోంచి ఎవరో తొంగిచూశారు. "తర్వాత మీరే. రెండు నిమిషాల్లో పిలుస్తాం."

ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"భయపడకు తల్లీ. మా మేనకోడలూ ఇంతే, పరీక్షంటే చాలు..."

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను! కాసేపు నోరు మూసుకుంటారా?"

సూది ఆగింది.

ఆయన తలూపాడు. మిగిలిన కుట్టు వేసి, దారం కొరికాడు. ఎక్కడ ఊడిందో, ఎక్కడ కుట్టాడో తెలియకుండా కలిసిపోయింది.

ఆమెకు పిలుపొచ్చింది.

ఆ రోజెందుకో నోరు పెగిలింది.

"గొంతు రికార్డు చేద్దామని రాసిచ్చింది చదవమంటే మనుషుల గొంతు బిగుసుకుపోతోంది. ఏం చేద్దామంటావు?" ప్రొఫెసరు అడిగారు.

"చదివించకూడదండీ. ఎవరితోనైనా కబుర్లు చెప్పుకోనివ్వాలి. నవ్వు, గొణుగుడు, ఎకసెక్కం, అన్నీ పట్టుకోవాలి. అవి లేకపోతే అది ఆ మనిషి గొంతెలా అవుతుందండీ?"

ప్రొఫెసరు, పక్కనున్న సీనియరు అమ్మాయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సీటు వచ్చింది.

బయటికొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. క్షణం పాటు మనసు చివుక్కుమంది. మెట్లు దిగి అన్నయ్యకి ఫోన్ చేసే సరికి అదీ మరిచిపోయింది.

వారం తిరిగాక, అదే డ్రెస్సు వేసుకుని వచ్చి బృందంలో చేరింది. ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే సీనియరు అమ్మాయి హెడ్‌ఫోన్స్ తెచ్చి చేతికిచ్చింది.

"ఇదే నీ మొదటి పని చెల్లీ, ఒక పెద్దాయన రికార్డింగు. చప్పుళ్ళూ, పక్కవాళ్ళ మాటలూ తీసేసి ఆయన మాటలే మిగల్చాలి. మన పద్ధతి తెలుసుగా? జేబులో మైకు పెట్టి బయట కూర్చోబెడతాం. ఇంటర్వ్యూలో నువ్వన్నదే."

"సరే అక్కా."

బటన్ నొక్కింది.

పెళ్ళికొడుకు. పొట్ట. ఎగిరిన బొత్తాం. ఈసారి ఫక్కున నవ్వింది.

తర్వాత నుదురు పట్టుకు చూసే ఆవిడ.

తర్వాత తన గొంతు. అంత కరుగ్గా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆపైన మాటల్లేవు. దారం కొరికిన చప్పుడు. తలుపు తెరిచి మూసిన చప్పుడు. చాలాసేపు వట్టి ఊపిరి.

అప్పుడు ఆయన, మైకుకు దగ్గరగా, గుసగుసగా:

"సారూ, వింటారుగా? ఆ పిల్ల కోపంతో అనలేదు, భయంతో అంది. ఆ ముక్క తీసెయ్యండి, మా ఆవిడ వింటే బాధపడుతుంది. పిల్లకి సీటిచ్చెయ్యండి సారూ. పాపం, పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు."

అక్కడితో అయిపోయింది.

ఆమె హెడ్‌ఫోన్స్ తీయలేదు. చెంపల మీది తడి తుడుచుకోలేదు.

"అక్కా, రేపు ఆయన్ని మళ్ళీ పిలుద్దాం. ఈసారి నేనే పక్కన కూర్చుంటాను. రోజంతా మాట్లాడనీ. వింటాను."

సీనియరు అమ్మాయి దగ్గరికొచ్చి ఆమె భుజం మీద, సరిగ్గా ఆ కుట్టు మీదే, చెయ్యి వేసి తీసింది.

"నీ ఇంటర్వ్యూ అయిన మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేసి ఆయన స్వరపేటిక తీసేశారు చెల్లీ, ఆయన గొంతులో మన దగ్గర మిగిలిన ఆఖరి మాటలు అవే," అని, ఆ రాత్రికి ల్యాబు తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వెళ్ళిపోయింది.