విడి గ్లాసు

కాకినాడ బస్టాండులో టీ పోసే మరమనిషి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. సుగుణమ్మ అలవాటు కొద్దీ సంచిలోంచి తన సొట్టల స్టీలు గ్లాసు తీసి ముందు పెట్టింది మరి.

"విడి గ్లాసులో ఎవరికీ పోయకూడదండి. చట్టం ఒప్పుకోదు," అని మరమనిషి మర్యాదగా చెప్పి, అందరూ తాగే గ్లాసు ఒకటి నింపి ఇచ్చింది.

"ఇంకా ఆ గ్లాసు మోస్తున్నావేంటి అమ్మమ్మా?" మనవరాలు హిమజ నవ్వింది.

"నాకు హెచ్ఐవీ అని తెలిశాక ఇక్కడి హోటలాయన దీన్లోనే పోసేవోడు, ఎక్కడ తగుల్తుందోనని ఎత్తునుంచి. చట్టం అప్పుడూ ఉంది. ఎవడు పట్టించుకున్నాడే? నాతో చేపలమ్మే నూకరత్నం ఓరోజు దీన్ని నా చేతిలోంచి లాక్కుని, అందరూ చూస్తుండగా సగం తాగేసింది. ఆ మిగిలిన సగం టీ రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదే."

హిమజ టీని స్టీలు గ్లాసులోకి ఒంపింది. సగం తాగి, మిగతాది అమ్మమ్మకి అందించింది.

"ఇంతకీ తాగితే ఏమైపోద్దని వాళ్ళ భయం, అమ్మమ్మా?"

సుగుణమ్మ గ్లాసు అందుకుని ఆ సగం టీ తాగింది. ఈ ప్రశ్న నూకరత్నం వినుంటే ఎంత బాగుండేది!