తయారుచేసెటోడు

డాక్టరమ్మ తెల్ల కాగితం మీద సున్నాలు, చదరాలు గీయడం మొదలుపెట్టగానే గుర్వమ్మకు అనుమానం వచ్చింది.

చెవుల దవాఖానకు వస్తే చెవులు చూడాలి. ఈ బొమ్మలెందుకు?

పక్క కుర్చీలో ఆమె మనవరాలు ఉమారాణి కూర్చుంది. అయిదో నెల. ఒళ్లో రెండేళ్ల కూతురు లాస్య. వెనక స్టీలు బిందె కింద పడినా తల తిప్పని పిల్ల. పొద్దున్నే కోస్గిలో బస్సెక్కి ముగ్గురూ పాలమూరు వచ్చారు. పరీక్షలన్నీ అయ్యాయి. పాపకు రెండు చెవులూ వినపడవని తేలింది.

“పుట్టుకతోనే ఉందమ్మా,” అంది డాక్టర్ బుష్రా. “మీ ఇంట్ల ఇంకెవరికన్నా ఇట్ల ఉందా? ముందు తల్లి వైపు చెప్పండి.”

“ఎవ్వరికి లేదు,” అంది గుర్వమ్మ, మనవరాలు నోరు తెరవకముందే.

“అవ్వా, చిన్నతాత...”

“ఆయనకు చిన్నప్పుడు జెరమొచ్చి పోయినయి చెవులు. నీకేమెరుక? అప్పటికి మీ అమ్మనే పుట్టలే.”

“ఎవరాయన?”

“నా తమ్ముడు,” అంది గుర్వమ్మ ఇష్టం లేకుండా.

బుష్రా ఆయన కోసం ఒక చదరం గీసి, వినపడదన్న గుర్తుగా నల్లగా నింపింది. గుర్వమ్మ చూపు దాని మీదే ఆగిపోయింది. జ్వరం అని చెప్పాక కూడా ఎందుకు నింపినట్టు?

“ఇప్పుడు తండ్రి వైపు. ఆయన రాలేదా?”

“సతీశ్ హైదరాబాదుల సెంట్రింగ్ పని చేస్తడు. ఆళ్లల్ల గూడ ఎవ్వరికి లేదు,” అంది గుర్వమ్మ.

“మీకెట్ల తెలుసు?”

“ఒక్కటే ఊరు. తెల్వకుంటదా?”

బుష్రా పెన్ను పక్కన పెట్టింది. గుర్వమ్మ గది నాలుగు మూలలూ చూసింది. ఎక్కడా ఒక్క దేవుడి పటం లేదు. చెవి లోపలి భాగాలు చూపే పెద్ద బొమ్మ ఒకటి మాత్రం వేలాడుతోంది.

“ఒక్క మాట అడుగుత మేడం. మీ సైన్సుల దేవుడున్నడా, లేడా?”

“ఇప్పుడెందుకమ్మా ఆ ముచ్చట?”

“జర చెప్పుండ్రి. గా బొమ్మల చెవి లోపల నత్తగుల్ల లెక్క ఉన్నది. గంత సన్నగ, గంత సక్కగ దానంతటదే అయితదా? మేస్త్రీ లేకుంట గోడ లేస్తదా?”

బుష్రా నవ్వింది. “నేను అయిదు పూటలు నమాజు చేస్త. నాకైతే ఆయన ఉన్నడు. సైన్సును అడిగితే మాత్రం ఉన్నడనీ చెప్పదు, లేడనీ చెప్పదు. ఆ గుల్ల ఎట్ల తయారైతదో చెప్తది, అంతే.”

“ఉన్నడంటివి కద! తయారుచేసెటోడు ఆయనే అయితే పిల్ల వినొద్దన్నది గూడ ఆయనే. మరి మమ్ముల అడుగుడెందుకు? పోయి ఆయననే అడుగుండ్రి.”

గెలిచినట్టు మనవరాలి వైపు చూసింది. ఉమారాణి తలెత్తలేదు.

“గోడ పగిలినప్పుడు మేస్త్రీ ఉన్నడా లేడా అని కొట్లాడం కదమ్మా,” అంది బుష్రా. “ఇసుక ఎంత, సిమెంటు ఎంత కలిపిండ్రో చూస్తం.”

ఆ మాట గుర్వమ్మకు నచ్చలేదు. ఈమె నవ్వుకుంటూనే ఎక్కడికో లాగుతోంది. అరిచే డాక్టర్లే నయం, తిట్టి మందు రాసి పంపిస్తారు.

“లే బిడ్డ. రెండింటి బస్సు పోతది.”

ఉమారాణి లేవలేదు. కడుపు మీద చేయి వేసుకుంది.

“మేడం, దీనికన్నా వినపడతదా?”

“అది తెలుసుకుందామనే ఈ గీతలు. ఇట్లాంటిది ఎక్కువసార్లు రెండు వైపుల నుంచీ వస్తది. ఒక్క వైపు నుంచే వస్తే పిల్లలు మంచిగనే వింటరు. తండ్రి వైపు సంగతి నిజం చెప్తే, ఈ బిడ్డకు పుట్టగానే పరీక్ష చేస్తం. అవసరమైతే నెలల్లోనే చెవికి మిషిన్ పెడతం. మాటలొస్తయి. లాస్యకు చూడు, రెండేండ్లు ఉత్తగనే పోయినయి.”

ఉమారాణి కళ్లు తుడుచుకుంది. “లాస్య కడుపుల ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికొచ్చిన మేడం. అందుకే గిట్లయిందంటున్నరు.”

“గ్రహణానికీ చెవులకూ సంబంధమే లేదు. ఎవరన్నరు?”

ఉమారాణి లాస్య గౌను సర్దింది.

“మీ అత్తనా?”

అవునన్నట్టు తల కదిలింది. గుర్వమ్మ కొంగు భుజం చుట్టూ గట్టిగా లాక్కుంది.

“అయితే ఆమెతోనే మాట్లాడాలె,” అంది బుష్రా. “కోడలి మీద నింద వేసుడు కాదు, ఆమె వైపు ఏముందో ఆమెనే చెప్పాలె.”

“ఆమెను అడిగినా గిదే చెప్తది,” అంది గుర్వమ్మ. “నేను చెప్పినదానికన్న ఎక్కువేం చెప్పది.”

బుష్రా కనుబొమలు ముడిపడ్డాయి. మనవరాలిని ఏడిపించిన మనిషిని ఈ ముసలమ్మ వెనకేసుకు రావడం ఏమిటి?

“మీరు ఆమెకు భయపడుతున్నరా?”

“నాకేం భయం? ఆమె మంచిదే. పిల్ల బాగుండాలనే చూసింది, ఏది చేసినా.”

“మంచిదైతే మాట్లాడుతది.” బుష్రా బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకుంది. “ఉమారాణీ, మీ అత్త నంబరు చెప్పు.”

“చెప్పకు,” అంది గుర్వమ్మ. మనవరాలి భుజం పట్టుకుంది. “బిడ్డా, ఇంటికి పోదాం పా. దేవుడు చూసుకుంటడు.”

ఉమారాణి ఒక చేయి కడుపు మీదే ఉంచి, రెండో చేత్తో డాక్టరు చేతిలోని ఫోనును మెల్లగా కిందికి దించింది.

“నంబరెందుకు మేడం, మా అమ్మను కన్నది గీ అవ్వనే, మా ఆయనను కన్నదీ గీ అవ్వనే.”