వానలో అమ్మ పాట

“అమ్మ పాడిందా? ఎప్పుడురా?”

అక్క కుట్టు మిషన్ ఆపి, తమ్ముడి కొత్త కవితల పుస్తకాన్ని బట్టల కుప్ప మీదకు విసిరేసింది. వానలో బట్టలుతుకుతూ అమ్మ పాడేదని రాశాడు. అందరూ తెగ మెచ్చుకుంటున్న కవిత అదే.

“నాన్న కొట్టినప్పుడల్లా పెరట్లోకి పోయి ఏడ్చేది. పక్కన కూర్చుని ఆ బట్టలు పిండింది నేను. నీకు వానా పిట్టలూ కనిపించాయి గానీ వాచిపోయిన అమ్మ మొహం కనిపించలేదు. ఆవిడ ఏడుపుకు రాగం కట్టి పేరు తెచ్చుకుంటున్నావు.”

“కనిపించింది” అన్నాడు కవి తల దించుకుని. “ఏడుస్తున్నావా అని అడిగాను. ‘లేదురా కన్నా, పాడుకుంటున్నా’ అంది. నమ్మినట్టే ఉన్నానక్కా. ఆ మాట అబద్ధమని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.”

అక్క కోపం చల్లారలేదు. కాకపోతే అది తమ్ముణ్ణి వదిలి, ఎప్పుడో పోయిన అమ్మ మీదకు మళ్ళింది. అమ్మ మీద కోపం రావడం ఆమెకు ఇదే మొదటిసారి.

“నీకంటే రెండేళ్ళే కదరా పెద్దదాన్ని” అంది. “ఆ అబద్ధం నాకెందుకు చెప్పలేదు?”