తుడుపు మాస్టారు

వరద నీళ్లు కాలేజీ మెట్లెక్కిన ఏడు జరిగిన సంగతి ఇది.

ఇంకా వానలు పడని రోజులు. ఒక శుక్రవారం మధ్యాహ్నం సర్వర్ రూము అటెండరు ల్యాబులోకి తొంగిచూసి కొయ్యబారిపోయాడు.

కొత్తగా వచ్చిన ప్రాక్టికల్స్ మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ అంటున్నాడు. "ఇక తుడిచెయ్యండి."

నలభై మంది పిల్లలూ మీట నొక్కారు. వారమంతా కట్టుకున్నది తెరల మీంచి మాయమైంది.

ఆ నలభై మందిలో అటెండరు మనవరాలు కూడా ఉంది.

"అదేం చదువే?" ఇంటికి వెళ్తూ అడిగాడు.

"క్లౌడ్, తాతయ్యా. మెషిను మన దగ్గరుండదు, ఎక్కడో ఉంటుంది. నెట్లో అడిగితే ఇస్తారు. పనయ్యాక వదిలేస్తాం."

"మళ్లీ కావాలంటే?"

"ఎలా కట్టాలో వరసగా రాసిపెట్టుకున్న ఫైలు ఒకటి ఉంటుంది. అది ఇస్తే చాలు, మళ్లీ అలాగే లేస్తుందిట."

"చుట్టపుచూపుగా వచ్చే మెషిన్ని నమ్ముకుని చదువేంటే?"

"ఏమో. వారం వారం కట్టడం, కూల్చడం. చేతులు పడిపోతున్నాయి. అందరం ఆయన్ని తుడుపు మాస్టారంటున్నాం."

అటెండరు నవ్వలేదు. కాలేజీ కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కు ఆ సర్వర్ రూము. అందులో మెషిన్లని ఇరవై రెండేళ్లుగా పసిబిడ్డల్లా సాకాడు. ఉన్నదాన్ని తుడిచెయ్యడం అతని దృష్టిలో పాపం.

సోమవారం ప్రిన్సిపాల్ గారి ముందు నిలబడ్డాడు.

"పిల్లల కష్టం మట్టిపాలు చేస్తున్నాడండీ. నా కళ్లతో చూశాను."

తల్లిదండ్రులు నలుగురు వచ్చి అదే మాటన్నారు. నెలాఖరుకి మాస్టారిని పంపించేశారు.

మాస్టారు వాదించలేదు. వెళ్తూ వెళ్తూ సర్వర్ రూము గుమ్మం దగ్గర ఆగాడు.

"గదిని బాగా ఉంచుకున్నారు. మూడో వరసలో ఫ్యాను గొంతు మారింది, చూసుకోండి."

"మాకు తెలుసులెండి. కూల్చేవాళ్లు చెప్పాలా?" అన్నాడు అటెండరు.

మాస్టారు నవ్వి వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక అటెండరు ఫ్యాను విప్పి చూశాడు. నిజంగానే అరిగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పిల్లల ప్రాజెక్టులన్నీ మళ్లీ కాలేజీ మెషిన్ల మీదికి వచ్చాయి. అటెండరు మనసు కుదుటపడింది.

ఆరు వారాలకి వరద వచ్చింది. తెల్లారేసరికి సర్వర్ రూములో నడుంలోతు నీళ్లు.

మూడు రోజులకి నీళ్లు తీశాయి. ఎల్లుండే ఆఖరి సంవత్సరం పరీక్ష. ఎగ్జామినర్లు బయటినుంచి వస్తారు, వాయిదా లేదు. ప్రాజెక్టు నడిపి చూపిస్తే పాసు. లేకపోతే ఏడాది గల్లంతు.

అటెండరు ఒక మెషిన్ని ఎత్తి పక్కకి వంచాడు. బొళబొళా బురద నీళ్లు కారాయి.

"పుట్టి మునిగిందే అమ్మా," అన్నాడు మనవరాలితో. "నీ ఏడాది నా గదిలోనే పోయింది."

"మునిగింది మెషినేగా తాతయ్యా. నువ్వు ముందు చేతులు కడుక్కో."

మేడమీద గదిలో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. అటెండరు వెనకే వెళ్లాడు.

"ఏం చేస్తున్నావే?"

"క్లౌడ్‌లో మెషిను అడుగుతున్నా."

"అందులో పెట్టడానికి నీ దగ్గర ఏం మిగిలింది గనక?"

"మాస్టారు వెళ్లిపోయినా శుక్రవారం వస్తే చెయ్యి ఊరుకునేది కాదు. ఎలా కట్టాలో రాసుకున్న ఆ ఫైలూ, దాంతోపాటు నా పనంతా నెట్లోకి పంపించేదాన్ని. నేనే కాదు, క్లాసులో అందరికీ అదే రోగం అంటుకుంది."

తెరమీద అక్షరాలు గబగబా పైకి పాకిపోతున్నాయి. అటెండరు కాసేపు కూర్చున్నాడు. కాసేపు నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.

"లేచింది," అందా పిల్ల.

"ఏదీ? అంతా ఉందా? సరిగా చూడు."

"పోయిన శుక్రవారం దాకా అంతా ఉంది. ఆ తర్వాతది ఒక్క పూట పని."

"మరి చేతులు పడిపోతున్నాయన్నావు?"

"ఏదో గొణిగాను తాతయ్యా. వెళ్లి చెప్పమన్నానా?"

అటెండరు గోడకి చేరగిలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రోజు అన్నం కూడా తిన్నాడు.

పరీక్షలో నలభై ప్రాజెక్టులూ నడిచాయి. మనవరాలు మెట్ల మీదనుంచే కేక వేసింది. "గండం గడిచింది తాతయ్యోయ్!"

మర్నాడు పొద్దున్నే అటెండరు ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్లాడు.

"ఆ మాస్టారి అడ్రసు కావాలమ్మా," అన్నాడు గుమాస్తా అమ్మాయితో. "ఎదురుగా నిలబడి ఒక మాట చెప్పుకోవాలి."

"ఆ ఇల్లు ఖాళీ చేశారు బాబాయ్. మళ్లీ రమ్మని ప్రిన్సిపాల్ గారు నిన్నటినుంచీ ఫోన్ చేయిస్తున్నారు. ఆ నంబరే లేదంటోంది."

"అంతేలే. అంత చదువుకున్నాయన. ఏ పెద్ద చోటో దొరికుంటుంది."

"చదువా? ప్రిన్సిపాల్ గారు పని చూసి తీసుకున్నారు." ఆమె ఫైల్లోంచి దరఖాస్తు తీసి అతనివైపు తిప్పింది.

అటెండరు కళ్లజోడు పెట్టుకుని, వేలితో అక్షరాలు పట్టుకుంటూ చదివాడు.

'చదువు: పదో తరగతి. చేసిన పని: సర్వర్ రూము అటెండరు, పంతొమ్మిదేళ్లు. మానిన కారణం: గది కాలిపోయింది. ఒక్కదాన్నీ తిరిగి కట్టలేకపోయాను.'