తీతువు మూసుకున్న నోరు

వాగు ఒడ్డు జంతువులు అడవిపందినే రెండోసారి పెద్దగా ఎన్నుకున్నాయి. చిరుత వస్తే అందరికీ వినపడేలా కూసే తీతువు పిట్టను అది వెంటనే పిలిపించింది.

"ఇకనుంచి మనకు ఓటేసినవాళ్ల కోసమే కూయాలి."

"కూత గాలిలో పోతుంది పెద్దయ్యా. ఎవరు ఎటు ఓటేశారో దానికేం తెలుసు?" అంది తీతువు.

"అయితే నోరు మూసుకో. మనవాళ్లకు నేనే కబురు పంపిస్తా."

ఓటెయ్యని జింకలకు ఆ మాట విన్నాక కంటి మీద కునుకు లేదు. ఓటేసిన కుందేలు మాత్రం, "వాటికి బాగా అయింది" అనుకుంది.

మర్నాడు పొద్దువాలుతుండగా రెల్లుగడ్డిలో చిరుత కదిలింది. జింకలు బెదిరి పరుగెత్తాయి. తీతువు నోరు తెరిచి, భయపడి మూసుకుంది. పంది అప్పటికే వాగు దాటేసింది.

కబురు రాలేదు కదా అని కుందేలు నిశ్చింతగా మేస్తూనే ఉంది.