ఒక్కటి చాలు తంబీ

"రెండెందుకు తంబీ? ఒక్కటి సాలదేటి?"

వెనక బెంచీ మీంచి మళ్ళీ అదే గొంతు. విశ్వనాథ్‌కి ఒళ్ళు మండింది.

మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో అతనిది బంగారం కొట్టు. లైసెన్సు ఉన్న తుపాకులు రెండు. ఓ వారం రివాల్వర్, ఓ వారం పిస్టల్ నడుముకి పెట్టుకుంటాడు. ఆదివారం పొద్దున్నే రెండూ పట్టుకుని ఊరవతల షూటింగ్ రేంజికి వస్తాడు.

ఈ మధ్య వచ్చినప్పుడల్లా ఈ ముసలాయన తయారు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు. ఎవరి జోలికీ పోడు. విశ్వనాథ్‌కి మాత్రం సలహా చెప్పకుండా ఉండలేడు.

"చొక్కాలు మార్చుకోమా తాతా? ఇదీ అంతే."

"సొక్కా మారిస్తే సెయ్యి తికమక పడదు. నీ రివాల్వర్‌కి సేఫ్టీ మీట నేదు, పిస్టల్‌కి ఉన్నాది, అది తీస్తేనే పేల్తాది. మీద పడ్డప్పుడు బుర్ర పన్సెయ్యదు తంబీ. సెయ్యే పన్సెయ్యాల. వారానికోటి నేర్పితే దానికేది గురుతుంటాది?"

"ఇంత చెప్తున్నావు, నువ్వో గుండు పేల్చగా నేను చూళ్ళేదే!"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ముసలాయన కూడా నవ్వేశాడు.

రివాల్వర్ వారం అయిపోయింది. విశ్వనాథ్ పిస్టల్ నడుముకి పెట్టుకుని, విసురుగా సామాను సర్దుకుని కారెక్కాడు.

సాయంత్రం కొట్టు మూసే వేళకి తల్లి కనకలతమ్మ రోజూలాగే దీపం వెలిగించింది.

"దాసు ఎక్కడున్నా సల్లగుండాల."

"ఎవరో కాపలావాడికి ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ దీపం?"

"ఎవరో ఏటిరా? ఆయన అడ్డుపడకపోతే నీకు నాన్నే నేడు."

ఈ కథ విశ్వనాథ్‌కి కంఠతా వచ్చు. తను ఉయ్యాల్లో ఉండగా కొట్టు మీద దొంగలు పడ్డారు. కాపలా దాసు అడ్డం వెళ్ళి నాన్నని కాపాడాడు. ఆస్పత్రి నుంచి ఎటు పోయాడో మళ్ళీ కనబడలేదు. నాన్న చివరిదాకా వెతికించి, ఆ దిగులుతోనే పోయాడు.

విశ్వనాథ్ వెనక సందులో కారు దగ్గరికి వెళ్ళాడు. రివాల్వర్ తెచ్చి బీరువాలో పెడదామని పెట్టె తెరిచాడు.

పెట్టె ఖాళీ.

పొద్దున్న రేంజిలో విసురుగా సామాను సర్దుకోవడం గుర్తొచ్చింది. బెంచీ మీద మరిచిపోయాడు! తుపాకీ పోయిందంటే లైసెన్సు పోతుంది, కేసు పడుతుంది. ఆపైన అది ఎవడి చేతిలో పడిందో, ఎవరి ప్రాణం తీస్తుందో!

సందు మొదట్లో మోటార్ సైకిల్ ఆగింది. హెల్మెట్, చేతి తొడుగులు పెట్టుకున్న మనిషి ఏదో అరుస్తూ పరుగున వస్తున్నాడు. అతని చేతిలో చిరిగిన సంచీ. చిరుగులోంచి తుపాకీ పిడి.

విశ్వనాథ్ పిస్టల్ లాగి గురిపెట్టాడు. నొక్కాడు.

పేలలేదు.

మళ్ళీ నొక్కాడు. పేలలేదు.

ఆ మనిషి ఆగి, సంచీ కింద పెట్టి, మెల్లగా హెల్మెట్ తీశాడు. రేంజిలో ముసలాయన!

"నీదే తంబీ. బెంచీ మీద వొగ్గేసినావు. గుళ్ళు తీసేసినాను."

విశ్వనాథ్ పిస్టల్ వంక చూసుకున్నాడు. మీట తియ్యనే లేదు. వారమంతా రివాల్వర్‌కి అలవాటు పడ్డ బొటనవేలు దాని జోలికే వెళ్ళలేదు.

"తాతా... దార్లో పోలీసులు చూస్తే నీ గతేంటి? జైల్లో పెట్టేవారు కదా! రేంజి వాళ్ళకి ఇవ్వలేకపోయావా?"

"అలా ఇస్తే కాగితాలు పైకెళ్ళి నీ లైసెన్సు పోతాది. నీ కొట్టుకి కాపలా ఏటుంటాది మరి?"

విశ్వనాథ్ ఆయన రెండు భుజాలూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"నీ మాట విని ఒక్కటే వాడుంటే చెయ్యి తప్పేది కాదు. నిన్ను చంపేసేవాణ్ణి తాతా!"

"నా మాట ఇనుంటే ఇది బెంచీ మీద మిగిలేదే కాదు తంబీ!" అని ముసలాయన పకపకా నవ్వాడు.

విశ్వనాథ్‌కి ఏడుపులోనే నవ్వొచ్చింది. "రేపే ఒకటి పోలీసులకి అప్పజెప్పేస్తాను. నీ మేలు మరవను. ముందు లోపలికి రా. అవునూ, మా కొట్టు నీకెలా తెలుసు?"

ముసలాయన జవాబు చెప్పేలోగా కనకలతమ్మ బయటికొచ్చింది. ఆమెను చూడగానే ఆయన చేతి తొడుగులు లాగేసి చేతులు జోడించాడు.

కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

కనకలతమ్మ ఆ చేతిని చూసి గుర్తుపట్టింది. తనూ చేతులు జోడించింది.

"నాకు దండమెట్టకండమ్మా" అంటూ ఆయన వెనక్కి తగ్గాడు. "ఆ దినం నేనూ నొక్కినాను. పేల్నేదు. వారానికోటి మార్చి ఇచ్చేవోరు, బొటనేలు మీటని మరిసిపోయినాది. మరేటి సేస్తాను? కత్తికి సెయ్యి అడ్డమెట్టినాను. తుపాకీ పేల్చనేనోడు కాపలావోడేటని, మీకు మొకం సూపించనేకపోయినాను. తంబీ రెండు తుపాకులు కడతన్నాడని ఇన్నాక ఉండబట్టనేదు."

కనకలతమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది.

"ఎవరికమ్మా ఆ దీపం అనీవోడివి గదరా... ఈయనకే."